ఆవిరికి దారి మూసినవాడు

ధడాలున ఇనుప తలుపు మూసుకుంది. అవతల నాలుగు గడియలు వరసగా పడిన చప్పుడు గుహంతా మారుమోగింది. చందనగిరి యువరాజు రణధవళుడు తలపాగా విప్పి నేలకేసి కొట్టాడు. మూడు రోజులుగా సోమిగాడనే పేరు పెట్టుకుని, ఒంటినిండా మసి పూసుకుని, సారా బట్టీ దగ్గర నోరు మూసుకు పడి ఉండడం అతనివల్ల కావడం లేదు.

"తలపాగా తీసేశారా? మళ్ళీ కట్టండి దొరా," అంది మైలమ్మ, కడవ మీంచి చూపు తిప్పకుండానే. "ఆ కావలి కంపన్నగాడు తలుపు కంతలోంచి ఎప్పుడు తొంగి చూస్తాడో ఎవరికి తెలుసు?"

మైలమ్మ చందనగిరి ఆస్థాన వైద్యులకు ఆసవాలూ అర్కాలూ దించి ఇచ్చే మనిషి. యాభై దాటింది. చూడబోతే పిడికెడు మనిషి. నోరు విప్పిందంటే మాత్రం సేనాపతి కూడా దారి ఇవ్వాల్సిందే. గబ్బిలాల కొండ మాంత్రికుడు ధూమకంఠుడు సారా దించే పనివాళ్ళ కోసం వెతికిస్తున్నాడని తెలియగానే, యువరాజును తన మేనల్లుడని చెప్పి వెంటబెట్టుకుని ఈ కోటలోకి నడిచి వచ్చింది ఆవిడే. ఎందుకంత తెగించావని దారిలో రణధవళుడు అడిగితే, "మా తమ్ముడు బుచ్చప్ప రెండేళ్ళ కిందట ఈ కొండకే పనికొచ్చాడు దొరా. వాడి తరవాత ఇంకా ఆరుగురొచ్చారు. ఒక్కడూ కిందికి దిగలేదు," అంది.

ఇక ఆ గుహ సంగతి. కప్పు నిండా ఏనుగు దంతాల్లా వేళ్ళాడే తెల్లటి రాళ్ళు, ఒక్కొక్కదాని చివర ముత్యంలాంటి నీటి బొట్టు. ఆకాశం వైపు ఒకే ఒక చీలిక. అందులోంచి బంగారు పట్టీలా దిగే ఒక్క ఎండ కిరణం. నడుమ నిలువెత్తు రాగి కాగు. దాని కడుపులో బుడబుడమంటూ ఇప్పపూల ఊట. కాగు నెత్తిన రాగి మూత, మూత పక్కనుంచి పొడుగాటి వెదురు గొట్టం. ఆ గొట్టం చన్నీళ్ళ తొట్టిలోంచి సాగి కడవ నోట్లోకి వంగి, టప్ టప్‌మని చుక్కలు రాల్చేది. పొయ్యి నోరు మాత్రం గోడకు అవతల ఉంది. కట్టెలు ఎగదోసేదీ, నిప్పు లాగేదీ అవతలివాళ్ళే. సారా దించే గదిలో నిప్పు ఉండకూడదన్న తెలివి ఆ కోట కట్టిన పాతకాలపు వాళ్ళకుంది. ఇప్పుడేలుతున్నవాడికి లేదు. అదీ తంటా.

తూర్పు గోడలో ఒక గూడు. ఆ గూట్లో ధూమకంఠుడి చేతికి చిక్కిన రణధవళుడి తండ్రి, చందనగిరి ప్రభువు మాణిక్యకేతు మహారాజు నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడనడం కూడా తప్పే, నిలబెట్టేశారు. పాదాల నుంచి గడ్డం దాకా కెంపులాగా మెరిసే ఎర్రటి లక్క ఆయన ఒంటిని పోతపోసినట్టు పట్టేసింది. అది మామూలు లక్క కాదు. ధూమకంఠుడి గరిటెలో ఉన్నంతసేపే జారుతుంది. ఒక్కసారి ఒంటిమీద గడ్డకట్టిందా, ఇక ఇనుముకు తెగదు, నిప్పుకు కరగదు. ఆరు సాయంత్రాలుగా, ఎండ కిరణం ఎదుటి గోడ మీది రాతి గబ్బిలాన్ని తాకే వేళకు, ఆ దుర్మార్గుడు వచ్చి ఇంత లక్క పోసి, ఇంత పైకి మూస్తూ వస్తున్నాడు. ఇవాళ్టిది ఏడో సాయంత్రం. ఇవాళ నోరూ ముక్కూ మూస్తాడు.

"నాయనా, కిరణం ఎక్కడి దాకా వచ్చింది?" అని అడిగాడు మహారాజు. మెడ తిప్పే వీలు లేదు ఆయనకు.

"ఇంకా రెండు బారల దూరం ఉంది నాన్నగారూ," అన్నాడు రణధవళుడు. ముక్కు ఎగబీల్చాడు.

"అయితే ఏడుపు తరవాత. ముందు పని చూడు."

పని ఏమిటంటే, చందనగిరిలో లక్కగాజులు చేసేవాళ్ళు గోళ్ళలో పట్టిన లక్క పోగొట్టుకోవడానికి మైలమ్మ దగ్గరికే వస్తారు. ముమ్మారు దించిన సారాలో చేతులు ముంచితే ఎంత మొండి లక్కయినా బెల్లంలా కరిగిపోతుంది. ఈ సంగతి ధూమకంఠుడికి తెలియదు. వాడు చేత్తో పని చేసిన మనిషయితేగా! వాడికి సారా కావలసింది వేరే పనికి. పొగ రాని నీలిమంటలో స్నానం చేస్తే చావుండదని ఏదో తాటాకులో చదివాడట, అందుకు పన్నెండు కడవల ముమ్మారు సారా కావాలట. మూడు రోజుల్లో మైలమ్మ వాడికి తొమ్మిది కడవలు లెక్కకు అప్పజెప్పి, మూడు చిన్న కుండలు పిప్పి కుప్ప కింద దాచింది.

రణధవళుడు పిప్పి తవ్వి మొదటి కుండ తీశాడు. గుడ్డ ముంచి తండ్రి గడ్డం కింద రుద్దాడు. గుడ్డకు ఎర్రటి రంగు అంటింది. రుద్దాడు, రుద్దాడు, చెయ్యి పడిపోయేలా రుద్దాడు. వేలెడు మేర మెత్తబడింది, అంతే.

"ఇలాగైతే రేపటికి కూడా భుజాలు దాటం అత్తా!" అన్నాడు. మేనల్లుడి వేషం పేరుతో అలవాటైన ఆ పిలుపు ఎవరూ లేనప్పుడు కూడా అతని నోట అలాగే వస్తోంది. "ఇది వేడిగా ఉంటే త్వరగా పనిచేస్తుందా?"

"చేస్తుంది. అయితే..."

ఆ 'అయితే' దగ్గర ఆగే ఓపిక యువరాజుకు లేదు. పొద్దున ధూమకంఠుడు లోపలికొస్తూ, ఎప్పటిలాగే మైలమ్మ "నిప్పు బయట!" అని కేక వేస్తే, వెటకారంగా నవ్వి, ఆర్పితే తల తీస్తానంటూ తన చేతి దివిటీని తలుపు పక్క కొండీలోనే గుచ్చి పోయాడు. రణధవళుడు సారా ఇంత మూకుట్లో వంచి, నేరుగా ఆ దివిటీ కిందికి తీసుకుపోయాడు.

ఇంకా మూరెడు దూరం ఉంది. మూకుడు మంటను తాకనే లేదు. బుస్సుమని ఏదో ముఖాన్ని నాకినట్టయింది. మూకుడు కింద పెట్టి తేరిపార చూశాడు. ఎండ కిరణం సూటిగా మూకుడు మీద పడుతోంది. మంట లేదు, పొగ లేదు. ఏమీ కాలేదనుకుని చెయ్యి చాపాడు.

"అబ్బా!"

ముంజేతి మీది వెంట్రుకలన్నీ కమిలిపోయాయి. మైలమ్మ ఒక్క ఉరుకున వచ్చి, నీళ్ళోడుతున్న గోనెపట్టాను మూకుడు మీద పడేసి, నలుమూలలా అదిమిపట్టింది. తరవాత దివిటీ పీకి చన్నీళ్ళ బిందెలో ముంచింది. అది చుయ్‌మని చచ్చింది. యువరాజు చెయ్యి కూడా పట్టుకుని అదే బిందెలో ముంచేసింది.

"మీకేం పోయేకాలం దొరా! కోపం తెచ్చుకోకండి, నోరు జారింది. కానీ, మీకేం పోయేకాలం?" అని మళ్ళీ అదే మాట అంది. "సారా మంట ఎండలో కనబడదు. దీపం దాకా సారా వెళ్ళక్కర్లేదు, దాని ఆవిరే ముందుగా వెళ్ళి నిప్పును పిలుచుకొస్తుంది. నీళ్ళు సలసలా కాగకముందే సారా లేచిపోతుంది. కాబట్టి దాన్ని పొయ్యి మీద పెట్టకూడదు, పొయ్యి దగ్గరా పెట్టకూడదు. మరెలా వేడి చేస్తామంటారా? ఇలా."

తొట్టిలో గొట్టం చుట్టూ ఉన్న నీళ్ళు పొద్దుటినుంచీ ఆవిరి వేడిని తాగి పొగలు కక్కుతున్నాయి. ఆవిడ ఆ నీళ్ళను పెద్ద బానలోకి తోడింది. అందులో సారా కుండను మెడ దాకా దించి, మూతికి తడిగుడ్డను వదులుగా కప్పింది. "బిగించి కట్టకూడదు, ఊపిరాడాలి. గదిలో నిప్పు రవ్వ ఉండకూడదు. అంతే దొరా, ఇందులో మంత్రమేం లేదు."

కుండ వెచ్చబడింది. ఇద్దరూ తలో గుడ్డా ముంచి రుద్దడం మొదలుపెట్టారు. ఓహో, ఇప్పుడు చూడాలి! ఎర్రటి లక్క మెత్తబడి, తేనెలా సాగి, ధారలు కట్టి జారింది. మెడ బయటపడింది. భుజాలు బయటపడ్డాయి. ఛాతీ మీది లక్క పెంకులా ఊడి రణధవళుడి చేతిలోకి వచ్చింది. మహారాజు ఆరు రోజుల తరవాత గుండెనిండా గాలి పీల్చుకుని, ఆ వాసనకు వెంటనే దగ్గాడు.

"మైలమ్మా, దీన్ని తాగేవాళ్ళు కూడా ఉంటారా?"

"మీ సైన్యంలో సగం మంది ప్రభూ."

మహారాజు నవ్వబోయి ఆగాడు. "ఒక సంగతి. నవ్వకండి. ఆరు రోజులుగా నా పంచె కుచ్చును వెనకనుంచి ఎవరో లాగుతున్నట్టుగా ఉంది. మడమల దగ్గర."

రణధవళుడు మైలమ్మ వంక దిగులుగా చూశాడు. లక్క వేడికి తండ్రికి మతి చలిస్తోందేమోనని అతని భయం. మైలమ్మ మాత్రం ఆ మాట విని "ఊఁ" అంది.

రెండో కుండ అయిపోయేసరికి నడుము బయటపడింది, తొడలు బయటపడ్డాయి. మూడో కుండ వేడినీళ్ళలోకి దిగింది. సరిగ్గా అప్పుడే తలుపు అవతల గడియ కదిలింది.

"ఇంకా వేళ కాలేదే!" అన్నాడు రణధవళుడు.

"తలపాగా!" అంది మైలమ్మ.

ఊడిన లక్క పెంకులను మహారాజు ఒంటికి ఎలా ఉన్నవి అలా అతికించి, కింద పారిన జిగురును మెడకు పులిమి, పిప్పి గోనెలు కాళ్ళకడ్డంగా పడేశారు. మహారాజు బిగుసుకుపోయి బొమ్మలా నిలబడ్డాడు. మైలమ్మ "నిప్పు బయట!" అని కేక పెట్టింది. రణధవళుడు ఆవిడ నేర్పినట్టే "నీళ్ళు లోపల!" అని బదులు కేక వేశాడు. సారా కాచేవాళ్ళ గదుల్లో తలుపు తీసిన ప్రతిసారీ ఈ రెండు కేకలూ పడాల్సిందే. వచ్చేవాడు దీపం బయట పెట్టి రావాలి, లోపలివాడు నీళ్ళు సిద్ధంగా ఉంచుకోవాలి. మొదటిరోజు ఆ కేక వెయ్యడానికి యువరాజుకు ఎంత సిగ్గేసిందో చెప్పలేం.

తలుపు తెరుచుకుంది. ఎలుగుబంటి గోళ్ళ దండ, నుదుట మూడు కాటుక పట్టెలు, పిల్లి కళ్ళు, మాటకో పొగమబ్బు కక్కే గొంతు. అదీ ధూమకంఠుడి అవతారం. రెండు చేతులా పొడుగాటి కాడ ఉన్న గరిటె పట్టుకున్నాడు. అందులో ఎర్రగా లక్క ఉడుకుతోంది. వెనక కావలివాడు కంపన్న నోట్లో చుట్టతో గడప అవతలే నిలబడిపోయాడు.

"ఏమే, కోటంతా సారా కంపు కొడుతోంది! నా సారా ఎటు పోతోంది?" అని గర్జించాడు మాంత్రికుడు.

రణధవళుడు తల వంచుకున్నాడు. దొరికిపోయామనుకున్నాడు. అయితే మాంత్రికుడి పిల్లి కళ్ళు మహారాజు వైపు వెళ్ళలేదు. కాగు మూత మీద ఆగిపోయాయి. అక్కడ బొటనవేలంత బెజ్జం. ఆ బెజ్జానికి బియ్యప్పిండి ముద్దతో చేసిన మెత్తటి బిరడా. దాని పక్కనుంచి సన్నగా ఆవిరి బుసకొడుతోంది.

"అదేమిటి?"

"ఊపిరి బెజ్జం స్వామీ. గొట్టంలో ఊట పొంగి అడ్డం పడిందనుకోండి, పిండి బిరడా ఎగిరిపోయి ఆవిరి బయటికి పోతుంది. కాగు దక్కుతుంది, మనుషులూ దక్కుతారు. అందుకే దాన్ని ఎప్పుడూ మన్నుతో కూడా మెత్తం."

"నా ఆయుష్షు బెజ్జంలోంచి కారిపోతూంటే చూస్తూ కూర్చున్నావా!" ధూమకంఠుడు ఒక్క అంగలో కాగు దగ్గరికి వచ్చాడు. మహారాజు నోట్లో పోయడానికి తెచ్చిన లక్కను, గరిటెడూ, ఆ బెజ్జం మీద పోసేశాడు. అది పొంగి, పరుచుకుని, క్షణంలో రాయిలా గడ్డకట్టింది. బుస ఆగిపోయింది.

"వద్దు స్వామీ! మీకు దండం పెడతాను, ఆవిరికి దారి మూయకండి!" మైలమ్మ నిజంగానే చేతులు జోడించింది. రణధవళుడు ఆవిడ ఎవరికైనా దండం పెట్టడం అంతకుముందు చూడలేదు.

"నేను మూసినదాన్ని తెరిచే మొనగాడు ఇంకా పుట్టలేదే! ఒరే కంపన్నా, మంట రెట్టింపు చెయ్యి. మిగిలిన మూడు కడవలూ పొద్దుగూకేలోగా దిగాలి. రాజుగారి నోటికి ఇంకో గరిటె కాచుకొస్తాను." ఈ మాటతో పాటు ఇంత పొగ కక్కి వాడు వెళ్ళిపోయాడు. నాలుగు గడియలూ మళ్ళీ పడ్డాయి.

"బతికిపోయాం!" అన్నాడు రణధవళుడు. "ఆ గరిటె నాన్నగారి కోసం తెచ్చినది. పోనీలే అత్తా, మనకు వేళ చిక్కింది."

మైలమ్మ చెయ్యెత్తి ఆపింది. కడవ వైపు చెవి పెట్టి వింటోంది. టప్, టప్, టప్. అవతల కంపన్న కట్టెలు విసురుతున్న చప్పుడు. కాగు కడుపులో బుడబుడ గలగలగా మారింది. టప్, టప్. ఇంకొకటి, టప్.

తరవాత రాలేదు.

"పొంగింది," అంది మైలమ్మ నెమ్మదిగా. "పిప్పి వెళ్ళి గొట్టానికి అడ్డం పడింది. పైన లక్క, పక్కన పిప్పి, కింద మంట. దొరా, ఇక ఆవిరికి దారి లేదు."

కాగు మూలిగింది. నిజంగానే, కడుపునొప్పి వచ్చిన గేదెలాగా మూలిగింది. రాగి మూత అంచుల దగ్గర మెత్తిన మన్ను సన్నగా బీటలిచ్చింది.

రణధవళుడు తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు చేతులా బాదాడు. "కంపన్నా! కట్టెలు లాగెయ్! కాగు పేలిపోతుంది, నువ్వూ పోతావు!"

కంతలోంచి ఒక కన్ను కనబడింది. "మంట తగ్గితే నా తల తెగుద్దిరా సోమిగా. పేలితే అప్పుడు చూద్దాంలే." కన్ను మాయమైంది. ఇంకో మోపు కట్టెలు పొయ్యిలో పడ్డ చప్పుడైంది.

తప్పించుకుందామంటే తలుపు తెరుచుకోదు. నిప్పు ఆర్పుదామంటే అది గోడ అవతల ఉంది. తండ్రిని ఎత్తుకుపోదామంటే మోకాళ్ళ కింద లక్క ఇంకా రాతిని పట్టుకునే ఉంది. రణధవళుడి జీవితంలో కత్తి దూయాలనిపించి, ఎవరిమీద దూయాలో తెలియని ఘడియ అదొక్కటే.

"నిలబడి చూస్తారేం? గోనెలు తడపండి!" అని అరిచింది మైలమ్మ. "ముందు తలుపు కింద సందు పూడ్చండి, గట్టిగా! ఎప్పుడో ఒకప్పుడు ఆవిరి బయటపడుతుంది. పడి ఆ సందులోంచి అవతలి పొయ్యి దాకా పాకిందా, మంట అదే దారిన లోపలికొస్తుంది. మన బూడిద కూడా దొరకదు."

అతను తడి గోనెలు గడప పొడుగునా దూర్చాడు. ఆవిడ చన్నీళ్ళ బిందె ఎత్తి కాగు మూత మీద ధారగా పోసింది. చుయ్‌మంది. మూలుగు కాస్త తగ్గింది. "రాగి కాబట్టి సరిపోయింది, మట్టి కాగయితే చల్లటి నీళ్ళకు పగిలేది," అని గొణుక్కుంటూ రెండో బిందె ఎత్తింది. మూలుగు మళ్ళీ పెరిగింది. మూడో బిందె, నాలుగో బిందె. ఇంకా మూడే మిగిలాయి.

"ఆ లక్క తీయాలి. వెచ్చటి సారాతో. ఎన్ని కుండలున్నాయి?"

"ఒక్కటే," అన్నాడు రణధవళుడు. ఆ ఒక్కటీ తండ్రి కాళ్ళ కోసం దాచినది. కుండను రెండు చేతులా గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయాడు. కాగు మీద పోస్తే తండ్రి కాళ్ళు కదలవు. కాళ్ళ మీద పోస్తే కాగు ఆగదు. ఎండ కిరణం రాతి గబ్బిలానికి జానెడు దూరంలోకి వచ్చింది.

"ఏమిటి ఆలోచిస్తున్నావు?" అన్నాడు మహారాజు. "కాగు పేలాక నా కాళ్ళతో ఎవరికి పని? కాగు మీదే పొయ్యి."

"నాన్నగారూ..."

"ఇది ఆజ్ఞ. చందనగిరి రాజుగా ఇవాళ నేనివ్వగలిగింది ఇదొక్కటే, పాటించు."

రణధవళుడు పళ్ళు బిగించి, కాగుకు ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కి, లక్క గడ్డ మీద సారా వంచాడు. చిటికెడు చిటికెడుగా వంచుతూ గుడ్డతో అదిమాడు. మైలమ్మ కింద నుంచి చివరి బిందెలు ఒకదాని తరవాత ఒకటి మూత పక్కల పోస్తోంది. ఎర్రటి గడ్డ మెత్తబడింది. అతను అనుకున్నదానికంటే త్వరగా మెత్తబడింది.

"లోపలినుంచి కూడా కరుగుతోంది!" అని కేక పెట్టింది మైలమ్మ. "ఆవిరి కూడా సారాయే కదా! తన దారి తనే తింటోంది. దిగండి దొరా, పక్కకు దూకండి! ముక్కుకు తడిగుడ్డ!"

లక్క పూరీలా ఉబ్బింది. అతను దూకాడు. ఫట్!

తెల్లటి ఆవిరి స్తంభంలా లేచి కప్పుకు కొట్టుకుంది. కాగు మూలుగు ఆగి, పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడు మొదలైంది. ఆ ఆవిరి రాతి కప్పు చల్లదనానికి వంగి, మళ్ళీ కిందికి దిగింది. దిగి నేలమీద మోకాలెత్తున పరుచుకుంది. కళ్ళు మండాయి, తల తిరిగింది. రణధవళుడు తండ్రి దగ్గరికి తూలుతూ వెళ్ళి ఆయన ముఖానికి తడిగుడ్డ పట్టాడు.

"సారా ఆవిరి గాలికన్నా బరువు," అంది మైలమ్మ దగ్గుతూ. "ఎప్పుడూ పల్లం వెతుక్కుంటుంది. అది ఎటు పోతోందో చూడండి. మనకూ అదే దారి."

తలుపు వైపు పోవడం లేదు. తడి గోనెలు ఆపేశాయి. కాగు కింద నిలవడం లేదు. తెల్లటి పొర అంతా మెల్లగా, పనిగట్టుకుని వెళ్తున్నట్టు, మహారాజు నిలబడ్డ గూటి వైపు పాకుతోంది. ఆయన పాదాలను చుట్టి, మడమల వెనక్కి వెళ్ళి, మాయమైపోతోంది.

"నేను చెప్పలేదూ, ఎవరో పంచె లాగుతున్నారని!" అన్నాడు మహారాజు. గుడ్డ చాటునుంచి కూడా ఆయన గొంతులో గెలుపు వినబడింది.

గూటి అడుగున ఒక చదునైన బండ. దాని వెనక అంచుకు లక్క పారలేదు. అక్కడ వేలు దూరేంత సందు. ఆ సందు ఆవిరిని లోపలికి పీల్చుకుంటోంది. పీల్చుకుంటూ దారిలో ఉన్న లక్కను తడిపి, నానబెట్టి, మెత్తబరిచేస్తోంది. రణధవళుడు మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులా ఆ ఎర్రటి ముద్దను పెళ్ళగించాడు. గోళ్ళు విరిగాయి. ఎడమ కాలు ఊడింది. కుడి కాలు పట్టుకుని లాగాడు, రాలేదు. మళ్ళీ లాగాడు. పచక్‌మని ఊడి వచ్చింది. ఆరు రోజులుగా నిలబడే ఉన్న మాణిక్యకేతు మహారాజు కొడుకు భుజం మీద బస్తాలా పడ్డాడు. పడి, మసి కారుతున్న ఆ తలను ఒక్క క్షణం తన గడ్డం కిందికి అదుముకున్నాడు. రణధవళుడికి ఏడుపు వచ్చింది. ఏడ్చాడు కూడా. ఆవిరికి కళ్ళు మండుతున్నాయని చెప్పుకోవచ్చు, పరవాలేదు.

బండ సందులో నిచ్చెన కర్ర దూర్చి ఎత్తారు. కింద మెట్లు. చీకటిలోకి దిగే పాతకాలపు మెట్లు.

అప్పుడే గడియ కదిలింది. ఒకటి. రెండు.

"దిగండి ప్రభూ! గోనెలు తీసుకోండి దొరా!" మహారాజును ముందు దించి, మైలమ్మ తలుపు వైపు తిరిగింది. ఊపిరి అందక ఎగరొప్పుతూ కూడా ఆగింది. మూడో గడియ ఊడింది.

"రా అత్తా! ఏం చేస్తున్నావు?"

"చెప్పకుండా పోకూడదు దొరా. శత్రువైనా సరే, తలుపు తీసేవాడికి చెప్పాలి." నాలుగో గడియతో పాటు ఆవిడ ప్రాణమంతా కూడదీసుకుని అరిచింది. "నిప్పు బయట! స్వామీ, నిప్పు బయట!"

తలుపు అవతల ధూమకంఠుడు పకపకా నవ్వాడు. "పొద్దున దివిటీతోనే వచ్చానే, ఏమైందే?"

ఆవిడ మెట్లలోకి దూకింది. రణధవళుడు బండను నెత్తి మీదికి లాక్కుని, చుట్టూ సందుల్లో తడి గోనెలు కుక్కాడు. ఆఖరి సందులోంచి అతనికి కనబడింది ఒక్కటే. తెరుచుకుంటున్న తలుపు, దివిటీ పట్టుకున్న చెయ్యి, నేలంతా మెల్లగా కదులుతున్న తెల్లటి పొర. ఆ సందు కూడా మూసేశాడు.

కొండ అదిరింది. నెత్తిమీది బండ ఎగిరి మళ్ళీ కూర్చుంది. కప్పుకు వేళ్ళాడే రాళ్ళు విరిగి, బండ మీద దబదబా పడుతూ పోయాయి. నీలిమంట కావాలన్నాడు ధూమకంఠుడు. వచ్చింది. ఎండలో వాడికి కనబడిందో లేదో మనకు తెలియదు.

మెట్ల మీద ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని కూర్చుండిపోయారు. బండ మీద ఇంకా రాళ్ళు పడుతూనే ఉన్నాయి. ఇక వెనక్కి దారి లేదు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకటి నిండా, ముక్కు పగిలేలా, సారా వాసన.

"అత్తా," అన్నాడు రణధవళుడు గుసగుసగా. "పైనుంచి పీల్చుకున్న ఆవిరంతా ఇక్కడే ఉంది కదూ?"

"ఇక్కడే. మనకంటే ముందే దిగింది. కదలకండి. ఇనుము రాతికి తగలనివ్వకండి. మెల్లగా పోనివ్వండి దాన్ని."

వాళ్ళు కదల్లేదు. అయితే కింద ఎక్కడో ఎవరో కదిలారు. గొలుసు ఈడ్చిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. కొండ అదిరిన చప్పుడికి ఉలిక్కిపడి లేచి, ఏమైందో చూద్దామనుకున్నట్టున్నారు. తరవాత ఆ చీకట్లో ఇంకో చప్పుడు వినబడింది.

టక్.

చెకుముకి రాయి.

మైలమ్మ చెయ్యి యువరాజు భుజాన్ని గోళ్ళు దిగేలా పట్టుకుంది. రెండోసారి రాయి కొట్టడానికి ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఆవిడ గొంతు చీల్చుకుని, తన ఇంట్లో తాతలనాటినుంచీ వేస్తున్న కేకే వేసింది.

"నిప్పు బయట!"

రాయి కొట్టిన చప్పుడు రాలేదు.

రణధవళుడు చెవులు రిక్కించాడు. చాలాసేపటికి, ఎన్నాళ్ళుగానో మాట వాడక తుప్పుపట్టిన గొంతొకటి, కింద నుంచి తడబడుతూ బదులు పలికింది.

"నీళ్ళు... నీళ్ళు లోపల!"

మైలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కింద గొలుసు మళ్ళీ కదిలింది, ఒక మెట్టు పైకి.

"అక్కా?" అంది ఆ గొంతు.